మెతుకుసీమ గచ్చపొద

మంజీరా నదికి ఘనపురము కడ 1905వ సంవత్సరమున ఆనకట్ట నిర్మింపబడి, దానినుండి వెడలిన రెండు కాలువలలో ఒకదానికి ఆనాటి ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేర మహబూబ్ నహర్ అనియు, రెండవదానికి ఫతే నహర్ అనియు నామములు కలిగిన నాటినుండి, మెదకు పట్టణమును చుట్టుకొనియున్న పల్లెల బ్రదుకు ఆ నీటితో ముడివడిపోయినది. ఆనకట్ట యున్న ఘనపురము వేఱు, మెదకునకు చేరువనే యున్న హవేలిఘనపూర్ వేఱు. అయినను ఆ కాలువనీటి భాగ్యము దీనికిని దక్కినది. 2016లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఇది మండలకేంద్రమైనది. ఇటు వరిమళ్ళు, చెఱకుతోటలు, చెఱువులు. అటు పోచారము అడవి. నడుమ నడుమ లంబాడీ తండాలు. మెతుకుసీమ యనబడు ఇట్టి మెదకు ప్రాంతమునకు సముద్రముతో సంబంధ మేమియు ఉన్నట్లు తోచదు. పక్షి యెగిరినంత సూటిగా కొలిచినను బాపట్ల ఇసుకతీరము ఇక్కడికి 300 కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. అట్టిచోట, పొలముగట్టులమీద, పాడుబడిన దొడ్లచుట్టు, అడవి అంచులయందు, సముద్రతీరపు ఇసుకదిబ్బలనే తన పుట్టినిల్లుగా గల ఒక ముండ్లతీగ పెనవేసికొని పెరుగుచు, ఈ సీమ ప్రజల పొలమును, జ్వరమును, ఆటను మూడింటిని ఏలినది. దానినే మనవారు గచ్చ అందురు; దాని గింజయే గచ్చకాయ.

రాజుల చరిత్రలు వ్రాయువారికి ఇట్టి మొక్కలు కంటబడవు. కోటగోడల ఎత్తును కొలిచి వ్రాసినవారు, ఆ గోడలకు వెలుపల రైతు తన చేనిచుట్టు వేసికొన్న కంపను గూర్చి ఒక్క పంక్తియైన వ్రాసి యుండలేదు. కాని చేనుకు కంచె లేనిదే పంట లేదు, పంట లేనిదే శిస్తు లేదు, శిస్తు లేనిదే కోట లేదు. ఈ న్యాయమున చూచినచో మెదకు దుర్గముపాటి చరిత్ర గచ్చపొదకును కలదని నా నమ్మకము.

తీరమున గచ్చను చూచినవారికి దాని స్వభావము చక్కగా బోధపడును. మొగలిపొదల సరసన, అలల ఉప్పుగాలి నిరంతరము తగులుచుండు ఇసుకలో, మఱి యే మొక్కయు నిలువజాలని వేడిమిలో అది ఏడాది పొడవున పచ్చగా నుండును. తనకై గట్టి మ్రాను లేదు గనుక ప్రక్కనున్న చెట్టునో, పొదనో ఆశ్రయించి ఎగబ్రాకును. ఆ ఎగబ్రాకుటకు దానికి సాధనము నులితీగలు గావు, వెనుకకు వంగిన కొక్కెములవంటి ముండ్లు. అవి కాండమునందే గాక ఆకు ఈనె క్రింది వైపునను వరుసగా నుండును. లోనికి చొరబడినవాడు ముందుకు పోవుట ఎంత కష్టమో, వెనుకకు వచ్చుట అంతకు మించిన కష్టము. పూవులు పసుపుపచ్చనివి, గుత్తులుగా పూయును. కాయ అరచేతిలో సగము పొడవుండి, పైన నిలువెల్ల సన్నని ముండ్లతో కప్పబడి, ఎండిన పిదప నోరు తెఱచి, లోపల ఒకటి రెండు గింజలను చూపును. ఆ గింజ నున్ననిది, రాతివలె గట్టిది, బూడిద నీలము కలిసిన వన్నె గలది. మన స్త్రీలు ఆ వన్నెకు వేఱు పేరు వెదకక గచ్చకాయరంగు అనియే చీరలను ఎంచుకొనిరి. సంస్కృతమున నిఘంటుకర్తలు దీనిని లతాకరంజమనియు, కుబేరాక్షి యనియు వ్యవహరించిరి. ధనాధిపతి కన్నుతో ఈ గింజను పోల్చిన ఆ కవిహృదయుడెవరో గాని, ఎండిన కాయనుండి తొంగిచూచుచున్న గింజను తాను నిజముగా చూచియే ఆ పేరు పెట్టెను.

గింజలోపల పప్పుబద్దల నడుమ కొంత గాలి నిలిచియుండుటచే అది నీటిపై తేలును. పైపెంకు నీటిని చొరనీయదు. ఈ రెండు గుణములచేత ఒక తీరమున రాలిన గచ్చకాయ నెలల తరబడి, ఏండ్ల తరబడి సముద్రమున కొట్టుకొనిపోయి, ఎక్కడనో మఱియొక తీరమున ఒడ్డునపడి మొలకెత్తగలదు. భూగోళమునందలి ఉష్ణమండల తీరములన్నింటను గచ్చ వ్యాపించియుండుటకు కారణ మిదియే. శీతలములైన ఉత్తర సముద్రములకు సైతము దాని గింజలు పోయినవి. స్కాట్లండు పశ్చిమద్వీపములగు హెబ్రిడీసు దీవులను గూర్చి మార్టిన్ మార్టిన్ అను నతడు 1703లో ప్రకటించిన గ్రంథమున, ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన తెల్లని గింజలను అక్కడి తల్లులు బిడ్డల మెడలలో రక్షగా కట్టెదరనియు, కీడు తలపెట్టినవాడు దాపునకు వచ్చినచో ఆ గింజ నల్లబడునని వారు నమ్మెదరనియు వ్రాసియున్నాడు. పాలకు మారుగా నెత్తురు పితికిన ఆవులను బాగుచేయుటకై పాలకుండలో ఆ గింజను వేసి పితుకుమని ఒక ఇల్లాలికి పొరుగువారు చెప్పిన వృత్తాంతము కూడ ఆ గ్రంథమునందే యున్నది. ఎక్కడి హెబ్రిడీసు దీవులు, ఎక్కడి మన పల్లెలు! పసిబిడ్డకు దిష్టి తగులుననియు, పాడియావుకు కన్ను తగులుననియు భయపడిన తల్లి హృదయము రెండుచోట్ల ఒకటియే. ఐర్లండు పశ్చిమతీరమున దొరకిన గింజ నొకదానిని నాటగా మొలచి మొక్కయై, అది గచ్చయేయని తేలిన సంగతిని రాబర్టు బ్రౌన్ అను ప్రఖ్యాత వృక్షశాస్త్రజ్ఞుడు 1818లో లోకమునకు తెలిపెను. సముద్రప్రవాహములు ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పాఱునో నిరూపించుటకు ఈ గింజలు పండితులకు సాక్ష్యములైనవి.

లిన్నేయసు 1753లో ఈ మొక్కకు శాస్త్రనామ మేర్పరచునప్పుడు, ఇటలీ దేశమున పాడువా వృక్షోద్యానమునకు పూర్వము అధ్యక్షుడైయుండిన గిలాండినసు అను పండితుని స్మరించి గిలాండినా అను ప్రజాతినామము నొసగెను. ఆ పండితుడు సముద్రయానమున ఓడదొంగలకు చిక్కి, ఫాలోపియో అను శరీరశాస్త్రజ్ఞుడు సొమ్ము చెల్లించి విడిపింపగా బయటపడినవాడు. సముద్రమునకు చిక్కి ఒడ్డుచేరిన మనిషి పేరు సముద్రమున తేలి ఒడ్డుచేరు గింజకు అమరుట యాదృచ్ఛికమే యైనను ఉచితముగా నున్నది. తరువాత మన సామర్లకోటలో ఏండ్లకొలది యుండి కోరమాండలు తీరపు మొక్కలను చిత్రింపించిన రాక్స్‌బరో దీనిని సిసాల్పినియా ప్రజాతిలోనికి మార్చెను. 2016లో పండితులు మరల దీనిని గిలాండినాలోనికే చేర్చిరి. హవేలిఘనపూర్ మండలమైన యేడే గచ్చకు పాతపేరు తిరిగి వచ్చినది.

ఇక తీరపు మొక్కయైన గచ్చ ఈ మెట్టసీమకు ఎట్లు వచ్చినదను ప్రశ్నకు వత్తము. సముద్రముమీద తేలి దేశదేశములు తిరుగగల గింజకు కొండయెక్కు శక్తి లేదు. గాలి దానిని మోయలేదు, పక్షి దానిని మ్రింగి మోసికొనిపోవుట అరుదు. నది దానిని మోయును గాని పల్లమునకే. మెదకు దగ్గఱ మంజీరలో ఒక గచ్చకాయను విడిచినచో, ఆనకట్టలు లేని కాలమున అది ఉత్తరముగా సాగి, కందకుర్తి కడ గోదావరిని చేరి, తెలుగుదేశమంతయు దాటి అంతర్వేది ఇసుకలో ఒడ్డుపడి యుండెడిది. 1931లో ఆ నదిపైననే నిజాంసాగరము పూర్తియైన పిదప ఆ దారియు మూసికొనిపోయినది. నీరు గింజను సముద్రమునకు కొనిపోగలదే గాని సముద్రమునుండి తేజాలదు. తీరమునుండి మెట్టకు గింజ ఎక్కివచ్చుటకు మనిషి చేయి కావలెను. కంచెకై నాటుటకో, జ్వరమునకై మూటకట్టుకొనుటకో, పిల్లలకు ఆటవస్తువుగా తెచ్చి యిచ్చుటకో మానవుడు పూనుకొన్నప్పుడే గచ్చ మెట్టసీమల మొక్కయైనది.

తీరమునుండి ఈ సీమకు నిరంతరము వచ్చుచుండిన సరకు ఒక్కటి కలదు, అది ఉప్పు. ఉప్పు లేని మెతుకు లేదు గదా. పదునేడవ శతాబ్దమున మన దేశమున సంచరించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పదివేలు పండ్రెండువేల ఎద్దులు గల బంజారాల బిడారులు ఎదురుపడినప్పుడు అవి దాటిపోవువఱకు బాటసారులు రోజుల తరబడి ఆగవలసి వచ్చెడిదని వ్రాసినాడు. వారిలో ధాన్యము మోయువారు, బియ్యము మోయువారు, పప్పులు మోయువారు, ఉప్పు మోయువారు వేఱువేఱు తెగలుగా నుండిరనియు అతడు చెప్పినాడు. తీరపు ఉప్పుమళ్ళ కడ కంట్లములు నింపి, ఎద్దుల మూపులపై వేసి, అడవులు దాటి, మజిలీ మజిలీకి దిగుచు వారు దక్కనునకు ఉప్పు చేర్చిరి. తిరుగుదారిని ఇక్కడి ధాన్యమును, దూదిని కొనిపోయిరి. నేడు హవేలిఘనపూర్ పరిసరములందలి తండాలలో నివసించువారు ఆ బిడారుల సంతతివారు. 1766 నాటి సంధిచే ఉత్తర సర్కారులును, 1788లో గుంటూరు సర్కారును ఇంగ్లీషువారి వశమైపోవుటతో నిజాము రాజ్యమునకు సముద్రమే లేకుండపోయినది. 1802 నాటి వాణిజ్య సంధి మచిలీపట్టణపు రేవును వాడుకొను హక్కును నిజామునకు ఇచ్చినది. కాని 1805లో చెన్నపట్టణపు ప్రభుత్వము తన సీమలోని ఉప్పును తన గుత్తాధిపత్యము క్రిందికి తెచ్చుకొనెను. అటుపిమ్మట మెదకు రైతు తినెడి ప్రతి ఉప్పుకల్లుమీదను పరరాజ్యపు చేయి పడినది. ఎద్దులకు మందలదొడ్డి, మూటలకు కంచె, మజిలీకి రక్షణ, చలిజ్వరమునకు మందు, ఇవన్నియు ఒక్క గింజలో ఇముడ్చుకొన్న గచ్చకాయ, దారులవెంట తిరుగువారి సొత్తుగా నుండదగినదని వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఉప్పునకును గచ్చకును గల సంబంధము చరిత్రలో మఱియొకచోట భయంకరమైన రూపమున కనబడుచున్నది. రాజపుత్రస్థానపు ఉప్పు పన్ను చెల్లింపక తూర్పు సీమలకు పోకుండునట్లు ఇంగ్లీషు ప్రభుత్వమువారు ఉత్తర, మధ్య హిందూస్థానములకు అడ్డముగా, సింధునది మొదలు మహానది దాపువఱకు, రెండువేల మైళ్ళకు మించిన సుంకపు సరిహద్దు నేర్పరచిరి. అందు వందలకొలది మైళ్ళు సజీవమైన ముండ్లకంచెయే గోడగా నిలిచినది. పండ్రెండువేలమందికి చేరువగా భటులు దానిని కాచిరి. తరువాత 1885లో కాంగ్రెసు మహాసభ పుట్టుకకు కారకుడైన ఆలన్ ఆక్టేవియన్ హ్యూము ఆనాడు సుంకశాఖకు అధికారిగా నుండి ఆ కంచెను శ్రద్ధతో పెంచెను. పది మొదలు పదునాలుగు అడుగుల ఎత్తును, ఆఱు మొదలు పండ్రెండు అడుగుల మందమును గల ఆ కంచెలో తుమ్మ, రేగు, వాక, నాగజెముడు, జెముడు నిలువుగా పెరుగగా, వానినన్నింటిని ఒకదానితో నొకటి బిగించి కట్టిన తీగ గచ్చయేయని ఆనాటి ప్రభుత్వ నివేదిక చెప్పుచున్నది. పేదవాని గంజిలోనికి ఉప్పు పోనీయకుండుటకు కట్టిన ఆ కంచెను 1879లో తొలగించిరి. సముద్రపు టొడ్డున పుట్టిన తీగను ఉప్పును ఆపుటకు కావలి పెట్టిన ఆ పాలనావివేకమును తలచుకొన్నప్పుడు నా మనస్సు కలతపడుచుండును. మొక్కకు ఏ పాపమును లేదు. అదే గుణము రైతు చేతిలో చేనికి కావలియై అన్నము పెట్టినది.

మెతుకుసీమ రైతు గచ్చను కంచెగా వాడిన తీరు సులభమైనది. చేనుగట్టున మొదట రేగుకంపయో, తుమ్మకంపయో కొట్టి దడి కట్టుదురు. దాని మొదట గచ్చగింజలను వానకు ముందు పాతుదురు. దడి ఎండి పుచ్చిపోవునాటికి గచ్చ దానిపై ఎగబ్రాకి తానే కంచె యగును. రెండుమూడేండ్లలో మేక దూరరాదు, పసరము దూరరాదు, అడవిపంది మూతి పెట్టి చూచి మరలిపోవును. ఏటేట పొలమువైపు పెరిగిన కొమ్మలను కొడవలితో కొట్టివేయుటయే దానికి వలసిన సేవ. ఎండకాలమున బావులు ఇంకినను అది వాడదు. వేసవిలో పసరములు ఆకలిగొన్నను దానిని మేయవు. మహబూబ్ నహరు నీటితో చెఱకు సాగు పెరిగిన పిదప నక్కలు, పందులు మఱింతగా పొలములపై పడసాగినవి. మెదకు చేరువ మంబోజిపల్లిలో చక్కెర కర్మాగారము నడచినంతకాలము ఈ ప్రాంతపు రైతునకు చెఱకుతోట సిరియును, దాని కాపలా చింతయును వెంటవెంటనే యుండెను. 2015లో ఆ కర్మాగారము మూతపడినది.

ఇక జ్వరము. వరిమళ్ళు, చెఱువులు, కాలువలు గల సీమలో వానలు వెనుకపట్టిన నాటినుండి చలిజ్వరము ఇంటింట నుండెడిది. అప్పుడు గచ్చకాయను పొయ్యిలో కాల్చి, పగులగొట్టి, లోని చేదుపప్పును సమముగా మిరియాలతో నూరి, ఉండలుగా చేసి మ్రింగించెడివారు. ఆయుర్వేద వైద్యులు లతాకరంజమనియు, యునానీ హకీములు కరంజ్వా యనియు దీనినే వాడిరి. వరిబీజమునకు ఆముదముతో నూరి పట్టువేసెడివారు. చెన్నపట్టణపు సైన్యమున వైద్యుడైయుండిన వైట్‌లా ఐన్‌స్లీ తన మెటీరియా ఇండికా అను గ్రంథమున, 1826లో, ఆముదముతో గూడిన ఈ పట్టును పేర్కొనెను. 1868లో వారింగు సంపాదకత్వమున వెలువడిన ఇండియా ఫార్మకోపియాలో గచ్చపప్పు అధికారికమైన ఔషధముగా స్థానము సంపాదించినది. పెంకు తీసిన పప్పును, మిరియాలను సమభాగములుగా కలిపిన చూర్ణమును పదునైదు మొదలు ముప్పది గ్రెయినుల మోతాదున రోజునకు మూడుమారులు ఇయ్యవలెనని అందు విధించిరి. మఱుసటి యేడే తిరువల్లిక్కేణి వైద్యశాలకు చెందిన మొహిద్దీను షరీఫు ఆ గ్రంథమునకు అనుబంధమును రచించి, మన దేశభాషలలోని ఔషధనామములను ఎంతో పరిశ్రమతో సరిచూచి కూర్చెను. ఆ చూర్ణమును పరికింపుడు: అది మన ముసలమ్మలు నూరిన ఉండయే, గ్రెయినుల లెక్క యొక్కటియే క్రొత్తది. ఆ గ్రంథములో ముసలమ్మకు చోటు దొరకకున్నను ఆమె పాళము మాత్రము చెక్కుచెదరక నిలిచినది.

1897 ఆగస్టు 20వ తేదీన, నిజాము రాజ్యమునందే, సికిందరాబాదున రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మెదకు పల్లెలకు నాలుగైదు ఆమడల దూరములోనే జరిగిన ఈ మహత్కార్యము జ్వరచరిత్రను మార్చివేసినది. క్వినైను బిళ్ళ క్రమముగా పల్లెకు వచ్చినది. గచ్చకాయ పేదవాని క్వినైనుగా మిగిలి, పిమ్మట ఆ పేరును కోల్పోయినది. ఇందు విచారింపవలసినది లేదు. గచ్చపప్పు జ్వరమును దించుటకు తోడ్పడిన మందే గాని మలేరియా క్రిమిని నిర్మూలించుటలో క్వినైనునకు ఈడైనది కాదు. ప్రాణము నిలుపు మందు వచ్చినప్పుడు పాతమందు ప్రక్కకు తొలగుట ధర్మమే. అయితే క్వినైను కొనలేని తరములు, వైద్యుడు చేరలేని వానకాలపు రాత్రులు ఎన్నింటినో ఆ చేదు ఉండ గట్టెక్కించినది. ఆ ఋణము చరిత్రకారుడు వ్రాసిపెట్టదగినది.

గచ్చకాయ చరిత్రలో నా మనస్సునకు మిక్కిలి ప్రీతిపాత్రమైన భాగము ఆటలది. కోస్తాలో అచ్చనగండ్లనియు, అచ్చనగాయలనియు పిలుచు ఆటను తెలంగాణమున కచ్చకాయలందురు. ఐదు గింజలు చాలును. నాలుగింటిని నేల చల్లి, ఐదవదానిని పైకెగురవైచి, అది చేతికి దిగులోపల క్రిందనున్నవానిని ఏరుకొనవలెను. తొలుత ఒక్కొక్కటి, పిదప రెండేసి, పిదప మూడును ఒకటియు, తుదకు నాలుగును ఒక్క తడవ. ఏరునప్పుడు ప్రక్కగింజ కదలరాదు. కదలినచో ఆట పోవును. చివర గింజలన్నింటిని ఎగురవైచి మడిచిన చేతివెనుక నిలుపుకొని, మరల ఎగురవైచి గుప్పిట పట్టవలెను. చూపు ఆకాశమున, వ్రేళ్ళు నేలమీద, నోట పాట. మూడును ఒక్క లయలో నడువవలెను. ఆ లయ కుదిరిన బాలికకు నాట్లు వేయుటలోను, కలుపు తీయుటలోను, పూలు కట్టుటలోను చేతివేగము తానై వచ్చును. ఆటకు కావలసిన పరికరము కంచెపైననే కాచును. కాసు వెచ్చము లేదు. దొరగారి గడిలోని పిల్లకును, జీతగాని గుడిసెలోని పిల్లకును గింజ ఒక్కటియే, ఆట ఒక్కటియే. ఒకే గడపలోపల కూడి ఆడుకొను స్వేచ్ఛ వారికి లేకపోయెను. అది ఆనాటి సంఘపు లోపము.

ఓమనగుంటల పీటలోను గచ్చకాయలకే గౌరవము. చింతపిక్కలతో ఆడినను ఆట సాగును గాని, పదునాలుగు గుంటలలో గచ్చకాయలు పడునప్పటి గలగల చింతపిక్కలకు రాదు. పెద్దలు పగటివేళ పీటచుట్టు కూర్చుండి ఆడుచుండగా లెక్కరాని అవ్వలు సైతము ఏ గుంటనుండి ఎత్తినచో పంచుట ఎచ్చట ముగియునో మనస్సులోనే లెక్కగట్టి చెప్పెడివారు. మగపిల్లల ఆట మఱియొకటి: గచ్చకాయను బండకు గట్టిగా రుద్ది, అది కాలిన వెంటనే తోటివాని చేతికి తాకించి చుఱ్ఱుమనిపించుట. ఈ అల్లరిని గూర్చి వినని తెలుగుపల్లె లేదు.

ఇట్టివానిని అల్పవిషయములని త్రోసివేయక, ప్రజల ఆటపాటలు, తిండితీర్థములు, నమ్మకములు కూడ చరిత్రయేయని నిరూపించిన మహనీయుడు సురవరము ప్రతాపరెడ్డిగారు. గోలకొండ పత్రికను నడపిన ఆ పాలమూరు పండితుడు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో, కావ్యములను గాలించి మన పూర్వుల వినోదములను వెలికితీసెను. సాహిత్య అకాడెమీ 1955లో తెలుగునకు ఇచ్చిన తొలి పురస్కారము ఆ గ్రంథమునకే లభించుట తెలుగువారి వివేకమునకు నిదర్శనము. కావ్యములలో రాజకన్యల ఆటగా వర్ణింపబడినదానిని పల్లెపడుచు చేతిలో చూచి గుర్తుపట్టవలెనని ఆయన మనకు నేర్పెను.

కాలక్రమమున కంచె, మందు, ఆట మూడును సడలినవి. కంచెకు మొదట సర్కారుతుమ్మ పోటీ వచ్చినది. అది నాటనక్కఱలేకయే పెరిగి, గట్టులను ఆక్రమించి, వంటచెఱకునకును అక్కఱకు వచ్చుటతో రైతు గచ్చను ఉపేక్షించెను. పిదప ఇనుపముండ్ల తీగ వచ్చినది. నేడు పందులబాధ హెచ్చి, పాతచీరలు కట్టువారు కొందఱు, చాటుగా విద్యుత్తు తీగలు చుట్టువారు కొందఱు. ఆ తీగలకు తగిలి జంతువులే గాక మనుష్యులును ప్రాణములు కోల్పోవుచున్న వార్తలు ఏటేట వినుచున్నాము. ఆటకు కంకరరాళ్ళు వచ్చినవి. రాళ్ళతో ఆడుచున్నను బాలికలు వానిని కచ్చకాయలనియే పిలుచుచున్నారు. వస్తువు పోయినను పేరు పోలేదు. మందుగా మాత్రము గచ్చకాయ హైదరాబాదు బేగంబజారు మూలికల అంగళ్ళలో ఇప్పటికిని తూకమునకు దొరకుచున్నది. స్త్రీల ఋతుదోషములకు మంచిదని చెప్పుకొని కొనువారు పెరిగిరి. వైద్యుని సలహా లేక దానిని మ్రింగుట మంచిది కాదని నేను గట్టిగా చెప్పదలచుకొన్నాను.

కంచెగా దానిని మరల తెచ్చుకొనుటకు మాత్రము ఏ అడ్డంకియు లేదు. విద్యుత్తు తీగవలన చనిపోయిన రైతుబిడ్డ గూర్చి విన్నప్పుడెల్ల నాకు ఈ మాటయే నోటికి వచ్చుచుండును. గచ్చకంచె పందిని చంపదు, నిలుపును. దానిలో పిట్టలు గూళ్ళు కట్టును. పిల్లికి అందని చోటు వానికి దొరకును. మంజీరా కాలువల క్రిందనున్న మాగాణి గట్లపై కన్న, పోచారము అడవికి అంచుననున్న మెట్టచేలకు అది మిక్కిలి తగినది. కాయలు చలికాలము తుదకు ఎండి నోరు తెఱచును; అప్పుడు చేతికి గోనెపట్ట చుట్టుకొని కోయవలెను. పెంకు మిక్కిలి గట్టిది గనుక గింజను ఉన్నదున్నట్లు పాతినచో ఏండ్లు గడచినను మొలవకుండవచ్చును. కన్ను లేని ప్రక్కను బండకు రుద్ది లోపలి తెలుపు కొంచెము కనబడునంతవఱకు అరుగదీసి, ఒక రాత్రి నీట నానవైచి, ఉబ్బిన గింజలను మాత్రమే ఏరి, తొలకరికి గట్టువెంబడి మూరెడు మూరెడు ఎడముతో పాతవలెను. మొదటి యేడు మేకల నుండి కాపాడుటకు ముందు ఎండుకంప వేయుట మఱువరాదు. రెండవ యేట కొనలు త్రుంచినచో మొదటినుండియే గుబురు కట్టును.